తూర్పు గది

కురే,
జూన్ నెలాఖరు

మసూమికి,

నీ ఉత్తరం అందింది. రా. వానలు తగ్గాక ఆగస్టులో వస్తానన్నావు, మంచిదే. పరుపు ఎండలో వేసి ఉంచుతాను.

ఇక్కడ అన్నీ నువ్వు వదిలి వెళ్లినట్టే ఉన్నాయి. మెట్లు కూడా. మోకాళ్ల నొప్పి అన్నావు కాబట్టి ముందే చెబుతున్నాను, ఇంటిదాకా బండి రాదు, చిన్న పెట్టె తెచ్చుకో. నాన్న పనిచేసిన ఓడల యార్డులో పొద్దున్న సైరన్ ఇంకా మోగుతుంది. నేను అంతకుముందే లేచి బుద్ధుడికి అన్నం పెట్టి, గుడి వంటశాలకు వెళ్లిపోతాను.

ఒక వారం దీవిలో సుయేకో దగ్గర ఉందువుగాని. బడిలో నా పక్కన కూర్చునేది, గుర్తుందనుకుంటాను. కురహాషి దీవి సంబంధం చేసుకుని అక్కడే ఉండిపోయింది. మొగుడు పోయాక ఒక్కతే. చలికాలమంతా ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పని. నెలనెలా మొదటి ఆదివారం నేను బస్సెక్కి వెళతాను. ఇద్దరం కలిసి ఆయన సమాధి కడుగుతాం. తర్వాత టీ తాగుతాం. పెద్దగా ఏమీ మాట్లాడుకోం.

నువ్వు తూర్పు గదిలో పడుకో. కిటికీకి ఎదురుగా సముద్రం. అక్కడ నా దుప్పటి, నా జపమాల ఉంటాయి. కదపకు. వచ్చే మార్చితో గుడి పని మానేసి ఆ గదిలోకి మారిపోతాను. రెండేళ్ల కింద సుయేకో అడిగింది, నేను ఒప్పుకున్నాను. మళ్లీ ఆ మాట మేం ఎత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

మీ ఆయన కత్సునోరి పేరు రోజూ పూజలో తలుచుకుంటున్నాను.

అక్క
ఫుసాయే


యొకొసుకా,
జూలై

అక్కయ్యా,

నీ ఉత్తరం పేజీ నిండా ఉంది. నీ జన్మలో ఇంత పొడుగు ఉత్తరం రాసి ఉండవు. గోడకి అంటించుకుందామా అనుకున్నాను.

ఒక నౌకాదళం ఊరి నుంచి ఇంకో నౌకాదళం ఊరికి సెలవులకి వెళుతున్నానంటే పక్కింటావిడ నవ్వింది. ఓడలు చూసీ చూసీ విసుగు పుట్టలేదా అని అడిగింది. పుట్టింది. అయినా ఇక్కడ రేవులోకి బూడిదరంగు ఓడ వస్తే ఆయన దిగి వస్తాడేమోనని కళ్లు అటే పోతాయి. పోయిన శరత్తులో చేతులారా సాగనంపిన మనిషిని ఇంకా రేవులో వెతకడం ఏమిటని నన్ను నేనే తిట్టుకుంటాను. కురేలో ఆయన ఏనాడూ పని చేయలేదు కాబట్టి అక్కడ ఓడలు ఒట్టి ఓడల్లాగే కనిపిస్తాయని ఆశ.

సుయేకో అక్క గుర్తు లేకపోవడమేంటి. మీరిద్దరూ నన్ను గట్టున వదిలేసి ఒందో రేవులో పడవెక్కి పోయేవాళ్లు. నేను ఏడుస్తుంటే పడవ నడిపే ముసలాయన, నీ కాళ్లు పొడుగయ్యాక వద్దువుగానిలే అనేవాడు. కాళ్లు పొడుగయ్యాయి. మీరు పిలవలేదు. ఈలోగా నాకు పెళ్లయింది. నీకు ఎప్పుడూ ఒక మనిషి ఉంది అక్కయ్యా. నాకు బదిలీ బదిలీకీ కొత్త పక్కింటివాళ్లు దొరికారు, అంతే. ఇన్నేళ్ల మీద ఇప్పుడైనా ఆ పడవ ఎక్కించు.

అమ్మాయికి టోక్యోలో పని ఒత్తిడట, రావడం లేదు. నేనొక్కదాన్నే వస్తాను.

నీ దుప్పటి జోలికి పోను.

మసూమి


కురహాషి దీవి,
ఆగస్టు

అక్కయ్యా,

నువ్వు బస్సు ఎక్కించి చెయ్యి కూడా ఊపకుండా వెళ్లిపోయావు. నీ అలవాటు తెలుసు కాబట్టి ఏడవలేదు. ఎర్ర వంతెన దగ్గర బస్సు చుట్టూ చుట్టూ తిరిగి పైకి ఎక్కుతుంటే తల తిరిగింది. దిగేసరికి సుయేకో అక్క గడ్డి టోపీ పెట్టుకుని, ఊరందరికీ వినపడేలా, "ఏడుపుగొట్టు పిల్ల వచ్చింది" అని కేక పెట్టింది. అలా పిలిచి ఎన్నేళ్లయిందో.

నీకు ఒక నవ్వొచ్చే సంగతి రాయాలి. పోయినవాళ్లు ఇంటికొచ్చే బోన్ పండక్కి సమాధుల దగ్గర కాగితం దీపాలు నాటుతారు కదా, నేనూ దుకాణానికి వెళ్లి ఒకటి కొన్నాను. సుయేకో అక్క వాళ్లాయన సమాధి దగ్గర నాటి, కింద నా పేరు కూడా రాశాను. కొండంతా ఎరుపూ పసుపూ నీలం. మధ్యలో నాది ఒక్కటే తెలుపు.

ఇక చూడు. మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కరే నల్లబట్టలు వేసుకుని అగరొత్తుల పొట్లాలతో వాకిట్లోకి వస్తున్నారు. ఆ ఎండలో నల్లబట్టలు. ఈ ఇంట్లో ఈ ఏడు ఎవరు పోయారు, మాకు కబురైనా చేయలేదేం అని నిష్ఠూరాలు. పక్క సందులో ముసలమ్మ అయితే, తలుపు తీసిన సుయేకో అక్కని చూసి గుండె మీద చెయ్యి వేసుకుని, "అమ్మయ్య, పోయింది నువ్వేమో అనుకున్నానే" అంది. సుయేకో అక్క అక్కడే గుమ్మంలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. వచ్చిన ప్రతివాళ్లతోనూ, మా ఆయన రెండోసారి పోయాడు, ఈసారి ఖర్చు తక్కువ అని చెప్పింది. రాత్రి అన్నం తింటూ కూడా నవ్వింది. ఇలా నవ్వి ఎన్నేళ్లయిందో అంది.

దీపం మార్చేస్తానంటే వద్దంది. పండగ అయ్యేదాకా అలాగే ఉంచింది.

ఇంకో పది రోజులు ఇక్కడే ఉంటాను. నా నీలం గౌను బస్సులో పంపుతావా? సుయేకో అక్క రేపు నన్ను పడవలో వలల దగ్గరికి తీసుకెళుతుందట.

మసూమి


కురే,
ఆగస్టు చివర

మసూమికి,

గౌను పంపాను. తెల్ల చొక్కా కూడా పెట్టాను.

దీపం సంగతి నువ్వు రాయకముందే విన్నాను. గుడిలో గురువుగారు అడిగారు, మీ స్నేహితురాలింట్లో ఎవరైనా పోయారా అని. లేదని చెప్పాను. ఆ ఏడు పోయినవాళ్లకే తెల్లది పెడతారని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. నువ్వు చాలాకాలం బయట ఉన్నావు. మరచిపోవడం సహజం.

సుయేకో మొగుడు పోయిన తొలి ఏడు నేను తెల్లది పెట్టాను. ఆ తర్వాత ఏటా రంగుది. బంగారు అంచు ఎక్కడా ఊడకుండా ఉందా లేదా చూసి కొంటాను. సుయేకో "వచ్చావా, పెట్టు" అంటుంది. ఎప్పుడూ నవ్వలేదు. అది నవ్వే పని కాదని నేను అనుకున్నాను.

నీకు ఎతజిమా దీవిలో పాత నౌకాదళం బడి చూపిద్దామని గుడిలో సెలవు అడిగి పెట్టుకున్నాను. నువ్వు రాలేదు కాబట్టి టికెట్ల కిటికీ దాకా వెళ్లి తిరిగి వచ్చాను. రోడ్డు పక్కనే రేవు నీళ్లలో జలాంతర్గాములు వరసగా ఆగి ఉన్నాయి. కాసేపు చూశాను. శుక్రవారం, నౌకాదళంవాళ్ల కూర రోజు కావడంతో హోటళ్లన్నిటి ముందు ఆ వాసన. నీకిష్టమని రెండు ప్లేట్లు చెప్పబోయి ఒకటి చెప్పాను.

ఆదివారం నేను వచ్చినప్పుడు మీ ఇద్దరూ వలల దగ్గర ఉన్నారు. తలుపు తాళం లేదు. సమాధి కడిగి వచ్చేశాను.

నా దుప్పటి వాడుతున్నావా?

అక్క


యొకొసుకా,
సెప్టెంబరు

అక్కయ్యా,

క్షేమంగా చేరాను. ముఖం నల్లబడిందని పక్కింటావిడ గుర్తుపట్టలేదు.

ఇంకో సంగతి. తిప్పి తిప్పి రాస్తే నీకు నచ్చదు, సూటిగా రాస్తాను. సుయేకో అక్క నన్ను తూర్పు గదిలో ఉండిపొమ్మంది. దీవిలో ఉండగానే అంది, మొన్న ఫోన్ చేసి మళ్లీ అంది. ఇక్కడ నేనుంటున్న ఇల్లు మార్చికల్లా ఖాళీ చేయాలి. చలికాలం షెడ్డులో నాకూ పని చూస్తుందట. వస్తానని చెప్పాను.

నీ దుప్పటీ జపమాలా అలమరలో భద్రంగా పెట్టాం.

నువ్వు ఎలాగూ నెలనెలా వస్తావు. ఇకనుంచి వస్తే ముగ్గురం ఉంటాం. నీకు కోపం రాదని అనుకుంటున్నాను. నీకు కోపం రాగా నేనెప్పుడూ చూడలేదు.

మసూమి


కురే,
సెప్టెంబరు చివర

మసూమికి,

నీ ఉత్తరం అందిన మరుసటి ఆదివారం దీవికి వెళ్లాను. సుయేకో టీ ఇచ్చింది. నీ గురించే మాట్లాడింది. మసూమి ఇలా అంది, మసూమి అలా చేసింది. నీకు చేప ముల్లు తీయడం రాదని చెప్పి నవ్వింది. నాకు చేప ముల్లు తీయడం వచ్చు. ముందు బస్సుకే వచ్చేశాను.

పొద్దున్నే బుద్ధుడి ముందు కూర్చుంటాను. అమిదా బుద్ధుడి పేరు మొదలుపెడితే నోట్లో నీ పేరు వస్తోంది. మంచిగా రావడం లేదు.

నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. నాన్న పోయినప్పుడు ఇల్లు సర్దడానికి రమ్మని అడగలేదు. నీ కూతురు పుట్టినప్పుడు నాకు ఫోటో పంపమని అడగలేదు. ఇది అడుగుతున్నాను. ఆ గదిలోకి రాకు. ఆ గది నాది. జూన్‌లో నీకు రాశాను. అది చదివే నువ్వు వెళ్లావు.

నీకు మొగుడు ఉన్నాడు, కూతురు ఉంది, ఊళ్లు ఊళ్లు చూశావు. నాకు నెలకొక ఆదివారం ఉంది.

అక్క


యొకొసుకా,
అక్టోబరు

అక్కయ్యా,

మొగుడు ఉన్నాడు అని రాశావు. ఉన్నాడు కాదు, ఉండేవాడు. అంత జాగ్రత్తగా రాసే మనిషివి, ఆ ఒక్క చోట జాగ్రత్త తప్పింది.

సరే, నువ్వు అడిగావు కాబట్టి నేనూ చెబుతాను. తెల్ల దీపం ఎవరికి పెడతారో నాకు తెలియదనుకున్నావా? నేనూ కురే కొండ మీదే పుట్టాను. నాన్న చెయ్యి పట్టుకుని అక్కడి సమాధుల మధ్యే నడిచాను. మా ఆయన అస్థికలు ఉత్తరాన వాళ్ల అన్నగారి ఊళ్లో ఉన్నాయి. అక్కడ దీపం పెట్టే ఆచారం లేదు, ఇక్కడ అసలే లేదు. దీవిలో దుకాణంలో తెల్లది కనిపించింది. ఈ ఏడు ఎవరికో ఒకరికి అది పెట్టకపోతే నా చేతులు ఊరుకోవనిపించింది. ఎవరి సమాధి దగ్గర పెట్టను? సుయేకో అక్కని అడిగాను. "మా ఆయన పక్కన చోటుంది, మీ ఆయన్ని కూడా కూర్చోపెట్టు" అంది. అందుకే తీయనివ్వలేదు. జనం వచ్చి అడుగుతుంటే నా కోసమే తన మీద వేసుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నీకు కడుపు మండింది. ఇది నీకు రాయాలనిపించలేదు. అదొక్కటైనా నాదిగా ఉంచుకుందామనుకున్నాను.

ఇక గది సంగతి. నీ ఉత్తరం నేను చదివాను. అందుకే సుయేకో అక్క ఉండమనగానే, అక్కయ్య వస్తానంది కదా అని అడిగాను. ఆవిడ నాకేసి వింతగా చూసింది. "ఎవరు? ఫుసాయేనా? రెండేళ్ల కింద ఒందో పడవలో నోరు తెరిచి అడిగాను. మీ అక్క కెక్కో అని మొహం నీళ్లకేసి తిప్పేసుకుంది. ఇంకోసారి అడగడానికి నాకు మొహం చెల్లలేదు" అంది.

బాగుంది, సరే అన్నా కెక్కోనే, అక్కర్లేదు అన్నా కెక్కోనే. ఆ ఒక్క మాటతో పెళ్లిసంబంధం ఖాయం చేసుకున్నవాళ్లూ ఉన్నారు, గుమ్మంలోకొచ్చిన అమ్మకాలవాణ్ణి సాగనంపినవాళ్లూ ఉన్నారు. నువ్వు ఏ కెక్కో అన్నావో నాకేం తెలుసు? నువ్వే ఒప్పుకున్నానని రాశావు, ఆవిడేమో కాదన్నావని చెప్పింది. నేను ఆవిడ మాటే నమ్మాను. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను. చిన్నప్పటి నుంచీ గట్టునే నిలబడి ఉన్నాను అక్కయ్యా. ఒక్కసారి పడవలో చోటు దొరికింది. దిగమంటే ఎందుకు దిగాలి?

మసూమి


కురే,
అక్టోబరు

మసూమికి,

బాగుంది అనే అన్నాను.

ఇంజను చప్పుడు. నీళ్ల మీద ఎండ. సుయేకో, ఇద్దరం ముసలివాళ్లం అయ్యాక ఒకచోట ఉందామా అంది. నాకు గొంతులోంచి అంతకంటే రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనపడకూడదని మొహం తిప్పుకున్నాను. ఆమెకు వెనక జుట్టు కనిపించి ఉంటుంది.

రెండేళ్లు ఆ ఇంట్లో టీ తాగాను. ఆ దుప్పటి అక్కడ ఎందుకుందని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. చలికి ఉంచుకున్నాననుకుందేమో.

తెల్ల దీపం సంగతి నాకు తట్టి ఉండాలి. తట్టలేదు. రోజూ కత్సునోరి పేరు తలుస్తూ కూడా తట్టలేదు. ఈ ఉదయం ఆయన కోసం ఒక గిన్నె అన్నం ఎక్కువ పెట్టాను.

అయినా కడుపు మంట తగ్గలేదు. దాచను.

అక్క


యొకొసుకా,
అక్టోబరు చివర

అక్కయ్యా,

ఇవన్నీ నాకు రాసి ఏం లాభం? వెళ్లి ఆవిడతో చెప్పు. నోటితో చెప్పు. ఒక్క మాటలో కాదు, పూర్తిగా చెప్పు.

ఇంకోటి కూడా విను. నువ్వు చెప్పినంత మాత్రాన నేను గది వదులుకుంటానని అనుకోకు. పెద్ద పెట్టె అప్పుడే పంపేశాను.

మసూమి


కురహాషి దీవి,
డిసెంబరు

మసూమికి,

ఇది సుయేకో ఇంటి నుంచి రాస్తున్నాను. వంటగదిలో కూర్చున్నాను. చేతులకు ఉప్పు వాసన పోవడం లేదు. అక్షరాలు వంకరగా ఉంటే చూసీ చూడనట్టు చదువు.

నవంబరంతా వెళదామని వెళ్లలేదు. మొదటి ఆదివారం కూడా మానేశాను. మొన్న మామూలు రోజున, గుడిలో బియ్యం కడుగుతూ కడుగుతూ, చెయ్యి తుడుచుకుని వచ్చేశాను. సుయేకో ఇంట్లో లేదు. ఆల్చిప్పల కాలం కదా, షెడ్డుకు వెళ్లాను.

ఆ షెడ్డు నేను లోపలి నుంచి ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్లంతా రబ్బరు ఏప్రన్లు కట్టుకుని వరసగా కూర్చుని కత్తితో ఒక్కొక్క చిప్పే తెరుస్తున్నారు. రేడియో మోగుతోంది. నేల నిండా నీళ్లు. నా గుడి చెప్పులు తడిసిపోయాయి. సుయేకో చివరి పీట మీద ఉంది. నన్ను చూసి, "ఎవరైనా పోయారా?" అంది. ఈ ఊళ్లో ఆ మాట ఇప్పుడు అందరికీ నవ్వే. ఎవరూ పోలేదన్నాను.

కూర్చోమంది. నిలబడే చెప్పాను. అందరి ముందూ చెప్పాను. ఇంటికి వెళ్లేదాకా ఆగితే మళ్లీ నోరు మూతపడుతుందని నాకు తెలుసు.

"సుయేకో, ఆ రోజు పడవలో నేను సరే అనే అన్నాను. నీతో ఉండాలని నాకు ఉంది. రెండేళ్లుగా ఉంది. అంతకుముందు కూడా ఉంది."

ఎవరో రేడియో తగ్గించారు. పక్క సందు ముసలమ్మ, "ఇవి పెళ్లిమాటలైతే చెప్పండే, మేం బయటికి పోతాం" అంది. అందరూ నవ్వారు. సుయేకో నవ్వలేదు. తలెత్తకుండా ఇంకో నాలుగైదు చిప్పలు తెరిచింది. నీకు తెలుసు కదా ఆమె చెయ్యి ఎంత వడిగా ఆడుతుందో. ఆ నాలుగైదింటికి చాలాసేపు పట్టింది.

"తూర్పు గది నీ చెల్లికి ఇచ్చేశాను. పెట్టె కూడా వచ్చేసింది. ఇచ్చిన మాట నేను వెనక్కి తీసుకోను" అంది.

అది న్యాయమేనన్నాను. వంగి దణ్ణం పెట్టాను. ఏడవలేదు. వెనక్కి తిరిగి గుమ్మం దాకా వెళ్లాను.

"ఎక్కడికే? నీ తిక్కలో నువ్వుంటావు, మనిషి మాట పూర్తిగా వినవు. నా గది ఏమైనా సముద్రంలో ఉందా? అందులో రెండు పరుపులు పడతాయి."

అందరూ పని ఆపారు. గుమ్మంలోనే ఆగాను.

"ఈసారి మొహం ఇటు తిప్పి చెప్పు. కెక్కో అంటే మాత్రం ఈ కత్తి చూశావుగా" అంది.

తిరిగాను. కళ్లలో నీళ్లు ఉన్నాయి. అవి అందరికీ కనపడ్డాయి. వస్తాను అన్నాను. ఉంటాను అన్నాను. ముసలమ్మ ఇంకా నా మొహంలోకే చూస్తోంది కాబట్టి, నాకు చాలా ఇష్టం అని కూడా అన్నాను. సుయేకో తన పక్కన ఉన్న ఏప్రన్ నా మీదకు విసిరి, ఊరికే నిలబడకుండా ఆ గంపలోవి కడుగు, చీకటి పడుతోంది అంది. చెవులు ఎర్రగా ఉన్నాయి. చలి వల్ల అంది.

నిన్న గుడికి వెళ్లి, మార్చి దాకా పని చేస్తానని చెప్పి వచ్చాను. మన ఇంటి బుద్ధుణ్ణి దీవికి తీసుకురావడానికి గురువుగారు ఒప్పుకున్నారు. ఆయన వచ్చి మంత్రం చదివాకే కదపాలి. ఆ రోజుకి నువ్వు కూడా ఉంటే మంచిది.

నీ పెద్ద పెట్టె తూర్పు గదిలో కిటికీ కింద ఉంది. తడి తగలకుండా కింద చెక్కలు పెట్టాను. నా దుప్పటీ జపమాలా అలమరలోంచి తీసుకున్నాను. మార్చిలో రా. ఆ గది నీదే. ఇంకెప్పుడూ అడగను.

నిన్న రాత్రి సుయేకో నీ గురించి ఏదో చెప్పి మళ్లీ నవ్వింది. నాకు మళ్లీ మండింది. నువ్వు వచ్చాక రోజూ ఇలాగే ఉంటుందని తెలుసు. మీరిద్దరూ తూర్పు గదిలో కూర్చుని ఎంతసేపైనా నవ్వుకోండి. పొయ్యి ఆర్పేసి ఆమె వచ్చేది మా ఇద్దరి గదికే. అది తలుచుకుంటే అసూయ కాస్త తగ్గుతోంది. పూర్తిగా పోలేదు.

అక్క
ఫుసాయే